రామతీర్థపు తీరమున కార్తిక పౌర్ణమి

నెల్లూరు విడిచి, పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా తూర్పునకు మరలినది మొదలు విడవలూరి బాటకు రెండు వైపులను, కార్తికమాసమున, చూపు సాగినంత దూరము నీరు నిలిచిన మళ్ళే కనబడును. ఎగువను సంగము ఆనకట్టవద్ద పెన్ననుండి విడివడి, కనిగిరి జలాశయమున నిలిచి, కాలువలై పిల్లకాలువలై వచ్చిన యా నీటిలో ఆకాశమంతయు బోర్లపడి యుండగా, ఆ ప్రతిబింబము మీదనే అడుగులు వేయుచు స్త్రీలు వరుసగా వంగి నారు నాటుచుండిరి. వారు వెనుకకు నడచుచు నాటుదురు. నాటిన చాలు కన్నులయెదుట పచ్చగా నిలిచి యుండును, నాటవలసిన నేల వీపు వెనుక నుండును. మిగిలిన పని యెంతయో తలయెత్తి చూడక, చేతిలోని మూడు నాలుగు మొలకలను మాత్రమే చూచుచు, మడి చివరి గట్టు తగులువరకు సాగిపోవు వారిని బస్సు కిటికీలోనుండి చూచుచు నేను చాలసేపు మాటలేక కూర్చుంటిని.

నా ప్రక్కను గూర్చున్న వృద్ధుడు ఆ ప్రాంతపు రైతు. నెల్లూరిసీమకు పేరు తెచ్చిన మొలగొలుకులు ఇప్పుడెవరైన వేయుచున్నారా యని యాయన నడిగితిని. “ఆరు నెల్లు ఎవురు కనిపెట్టుకోనుంటారయ్యా? నెల్లూరు మసూరి వేస్తే నాలుగు నెల్లకు చేతికొస్తాది” అని బదులిచ్చి, కొంతసేపటికి తనలో తాననుకొనునట్లు, “ఆ మిగిలిన రెండు నెల్లూ యాడికి పోతుండాయో మటుకు తెలవదు” అని చేర్చెను. హైదరాబాదులో నేను నిత్యము చేయుచున్న పని యాయన యొక్క మాటలో చెప్పివేసెను. దూరప్రయాణములు గంటలలోనికి వచ్చినవి, ఉత్తరములు క్షణములలోనికి వచ్చినవి, వంట నిమిషములలోనికి వచ్చినది. ఇంత మిగిల్చినను సాయంకాలమున మా యింటిలో ఎవరినడిగినను తీరికలేదనియే చెప్పుదురు. మిగిలిన కాలము ఏ గాదెలోను పడియుండుట లేదు. నిలువచేయరాని దానిని నిలువచేయబోవుటయే మనము పడుచున్న పాటు కాబోలునని ఆ మళ్ళ నడుమ నాకు మొదటిసారి తోచినది.

విడవలూరిలో దిగునప్పటికి పొద్దు క్రుంకినది. కూడలిలో ఒక యిల్లాలు పొయ్యిమీద గుంటల పెనము పెట్టి పులిబొంగరాలు పోయుచుండెను. అట్లపిండి పులియవలసినంత పులిసినగాని పులిబొంగరమునకు ఆ పేరు తగదు; పెనముమీద గుంట గుంటకును నూనె చుక్క వేసి, పిండి పోసి, మూత పెట్టి, ఆమె పుల్లతో ఒక్కొక్కదానిని త్రిప్పుచుండగా, చుట్టును నిలిచినవారెవ్వరును తొందరపెట్టలేదు. ముందు వచ్చిన చిన్నవాడు తన వంతు దూరపువాడనని నాకిచ్చి, తాను గోడనానుకొని నిలిచెను. ఇట్టి మర్యాద నగరమున లేదని యనను. కాని అక్కడ దానికి వ్యవధి చాలదు.

ఆ రాత్రి మిత్రుని యింట బస. విడవలూరు మండలములోనిదే వావిళ్ళ యను గ్రామము. 1854లో మదరాసున రామస్వామిశాస్త్రులవారు స్థాపింపగా, తరువాత వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులవారు పెంచిన వావిళ్ళ ముద్రణసంస్థకు గల యింటిపేరు ఈ యూరిదేయని ఇక్కడి పెద్దలు చెప్పుదురు. మా యింట దేవుని గూటిలో నుండిన వ్రతకల్పము వావిళ్ళవారిదే. అట్టలు ఊడి, పసుపు కుంకుమలు అంటి, నూనె పీల్చిన ఆ పుస్తకమున మొదటి పుటలలోనే సంకల్పము అచ్చయి యుండెను. చిన్ననాడు నేను దానిని అర్థమెరుగకయే కంఠస్థము చేసితిని. తాటాకులలో నశించిపోవలసిన కావ్యములను, పురాణములను, శతకములను వెదకి, పరిష్కరింపజేసి, సామాన్యుడు కొనగల వెలకు అచ్చువేయుటయందు తరతరముగా జీవితములు వెచ్చించిన ఆ వంశము తెలుగువారికి చేసిన యుపకారము ఇంకను సరిగా లెక్కింపబడలేదు. పేరిచ్చిన యూరిలో వారిపేర చిన్న గ్రంథాలయమైన నుండవలెనని నా కోరిక.

తెల్లవారుజామున రామతీర్థము చేరితిమి. కామాక్షీసమేత రామలింగేశ్వరుని కోవెల సముద్రమునకు చేరువనే యున్నది. రావణవధానంతరము శ్రీరాముడు దోషపరిహారార్థము ఇచటి యిసుకతో లింగము చేసి పూజించెనని స్థలపురాణము. ఇసుకతో చేసినదేమి నిలుచునని యడుగరాదు; నిలిచినదని నమ్మి తరములుగా జనులు వచ్చుచున్నారు. మేము పోవునప్పటికే ట్రాక్టర్లలోను, ఆటోలలోను వచ్చిన కుటుంబములు తీరమంతట నిండి యుండెను. పౌర్ణమినాటి పోటు బలముగా నుండి, అల విరిగిన నురుగు మామూలుగా పొడిగా నుండు ఇసుకతిన్నెల పాదముల వరకు పాకి వచ్చుచుండెను.

నడుములోతు నీటిలో ఒక పురోహితుడు నిలిచి, చుట్టును చేరిన పదిమందిచేత సంకల్పము చెప్పించుచుండగా నేనును ఆ గుంపులో నిలిచితిని. బ్రహ్మదేవుని ఆయుర్దాయములో ఇది రెండవ పరార్ధమని మొదలిడి, శ్వేతవరాహకల్పము, వైవస్వతమన్వంతరము, కలియుగమున ప్రథమపాదము అని క్రమముగా దిగుచు, అందులో నీ సంవత్సరము, ఈ యయనము, ఈ ఋతువు, ఈ మాసము, ఈ పక్షము, ఈ తిథి, ఈ వారము అని దగ్గరకు దగ్గరకు వచ్చి, తుదకు నీ గోత్రము, నీ పేరు చెప్పుకొమ్మనును. కల్పమనగా 432 కోట్ల సంవత్సరములు. కలియుగ మొక్కటియే 4,32,000 సంవత్సరములు. ఇంతటి కాలమును నోటితో చెప్పించి, ఆ లెక్కకు తల తిరుగువారిని తిరుగనీయక, నేటి వేకువజామునకు, ఈ యలకు, ఈ దోసిటికి తెచ్చి నిలబెట్టు విద్య మన పెద్దలకు తెలిసినది. దేశమును గూడ నట్లే చెప్పింతురు. మా హైదరాబాదు ఇంటిలో సంకల్పము చెప్పునప్పుడు శ్రీశైలమునకు వాయవ్యముననియు, కృష్ణాగోదావరుల మధ్యమనియు చెప్పుదుము. ఇచట ఆ పురోహితుడు శ్రీశైలమునకు ఆగ్నేయమున, కృష్ణాకావేరుల మధ్యమున అని చెప్పించెను. ఏళ్ళ తరబడి నోటికి వచ్చినట్లు పలికిన మంత్రమున దిక్కు ఒక్కటి మారుటతో నేను ఉలికిపడితిని. నేను మా యింట లేను, నిన్నటి దినమున లేను, రేపటి పనిలో లేను. సముద్రములో చలికి వణకుచు ఇక్కడ నున్నాను. స్నానమునకు ముందు ఇంతకాలగణన మెందుకని చదువుకొన్నవారు పరిహసించుట నేనెరుగుదును. మనిషి తానున్న చోటికి, తానున్న దినమునకు నిజముగా వచ్చుట ఎంత కష్టమో తెలిసినవారు దానిని పరిహసింపరు.

గట్టునకు వచ్చి వస్త్రము పిండుకొనుచుండగా, ఇసుకలో చతికిలబడి కూర్చున్న యొక ముదుసలి నా కంటబడెను. ఆమె యెదుట అరటిదొప్ప, దానిలో నేతిలో నానిన వత్తుల కట్ట. సంవత్సరమున దీపము పెట్టుటకు వీలుపడని దినములకు బదులుగా, కార్తిక పౌర్ణమినాడు 365 వత్తులను ఒక్కటిగా వెలిగించుట తెలుగునాట నలుమూలల నున్న ఆచారమే. అంగళ్ళలో ఆ కట్టలు సిద్ధముగా దొరకును. మా యింటికిని అట్లే కొని తెత్తుము. ఆ కట్టలలో వత్తులన్నియు ఒక్క పొడవు, ఒక్క తెలుపు. ఈమె కట్టలో ఏ వత్తియు మరియొకదానిని పోలలేదు: ఒకటి బిగువు, ఒకటి వదులు, ఒకదానికి పసుపంటినది, ఒకటి మధ్యలో పురివిడిపోయి యుండెను. ఎవరు చేసిరని యడిగితిని.

“నేనే నాయనా. పోయిన కార్తీకప్పున్నమి మర్నాడు మొదులుబెట్టినా. దినానికి ఒకటి. పొద్దన్నే మొగం కడుక్కోని, దేవుడి ముందర కూసోని ఒక్కటి చేస్తా. రెండోదాని జోలికి పోను.”

“ఒక్కనాడే పది చేసి యుంచుకొనరాదా, అవ్వా?”

“రేపటి వొత్తి ఇయ్యాల ఎట్ట చేస్తా? రేపు ఇస్తాడో లేదో అది ఆయన ఇష్టం గదా.”

ఇట్లనుచు ఆమె కట్ట అంచున నున్న కొన్నిటిని వ్రేలితో తాకి చూపెను. అవి మిగిలినవానికంటె లావుగా, మెత్తగా, పురి సరిగా పడక యుండెను. భర్త ఆసుపత్రిలో నుండిన దినముల వట. ఇంటికి పోయి ప్రత్తి తెచ్చుకొనుటకు వీలులేక, కట్లు కట్టు దూదినే నర్సమ్మ నడిగి చిటికెడు తీసికొని, మంచము ప్రక్కను గూర్చుండి చేసెనట. ఆయన యేమాయెనని నేనడుగలేదు, ఆమెయు చెప్పలేదు.

నాకు లెక్క యొకటి మిగిలినది. పౌర్ణమినుండి పౌర్ణమికి పండ్రెండు చాంద్రమాసములైన 354 దినములే యగును. అధికమాసము వచ్చినయేట 384 దినములగును. దినమునకొకటి చేసినవారికి 365 సరిపడుట యెట్లు? ఆ మాటయే ఆమెతో ననగా, “ఆ లెక్కలు నాకు తెలవ్వు నాయనా. ఇచ్చినన్ని చేసినా. తక్కవైతే తక్కవ, ఎక్కవైతే ఎక్కవ” అని, కట్టను దొప్పలో నిటారుగా నిలిపి, గాలికి చీరకొంగు అడ్డుపెట్టి వెలిగించెను. నెయ్యి పీల్చిన యంత వత్తికట్ట ఒక్కసారిగా అంటుకొనదు. అంచున నొకటి, దాని ప్రక్క నొకటి పట్టుకొని, నడుమకు ప్రాకి, అటుపిమ్మట జానెడు మంట లేచినది. ఆసుపత్రి దూది వత్తులు ఏవో, పండుగనాటి వత్తులు ఏవో ఆ మంటలో తెలియరాలేదు. ఆమె ఆరువరకు నిలిచి, ఇసుక కన్నులకద్దుకొని, మనవరాలిని బడికి పంపవలెనని చెప్పి వెడలిపోయెను.

ఆఫ్రికాఖండపు ఉత్తరతీరమున హిప్పో నగరమున బిషపుగా నుండిన అగస్టీను, 400 ప్రాంతమున వ్రాసిన తన ఆత్మకథనమున పదునొకండవ భాగమును చాలవరకు కాలవిచారమునకు కేటాయించెను. గడచినది జ్ఞాపకముగను, రానున్నది ఎదురుచూపుగను, ఉన్నది గమనికగను, మూడును మనస్సున ఇప్పుడే యున్నవని యాయన నిర్ణయము; ఆ విచారమంతయు దైవముతో మొరపెట్టుకొనుచు సాగును. పదునారు శతాబ్దములనుండి పండితులు ఆ పుటలను వ్యాఖ్యానించుచున్నారు. ఆయన తర్కమున సాధించినదానిని ఈ యవ్వ ప్రత్తితో సాధించినదని నేననుటలో అతిశయోక్తి లేదు. గడచిన యేడంతయు ఆమె చేతిలో నుండెను. రాబోవు దినము దైవము చేతిలో నుండెను. ఈ రెంటిని ఎరిగినందుననే ఆ యుదయము ఆమెకు పూర్తిగా దక్కినది.

ఈ తీరము వెంట బకింగుహాము కాలువ సాగును. 1806లో మదరాసువద్ద ఆరంభమై, ముక్కలు ముక్కలుగా ఉత్తరమునకు పెరిగి, 1877–78 కరవులో మదరాసు నగరమున అడయారు కూవము నదులను గలుపు భాగమును కరవుపనిగా త్రవ్వించిన మీదట, 1878లో నాటి గవర్నరు పేరు పెట్టబడిన కాలువ యిది. ఒకప్పుడు ఉప్పు, బియ్యము, కట్టెలు వేసికొని తెరచాపలతోను, గట్టున మనుషులు లాగు త్రాళ్ళతోను పడవలు పోయినవట. తుపానులకు గట్లు తెగి, రైళ్ళు, లారీలు వచ్చి, ఇప్పుడు పలుచోట్ల పూడి, తుంగ మొలచి, అంచులలో రొయ్యల గుంటలు వెలసినవి. నేను దానిని శిథిలముగా తలచి దాటిపోయెడివాడనే. మిత్రుడు ఆపి చెప్పెను. 2004 డిసెంబరు 26, మార్గశిర పౌర్ణమి, ఆదివారమునాటి ప్రొద్దున సునామీ వచ్చినప్పుడు, తీరము దాటి వచ్చిన నీటిని ఈ కాలువ పెద్దగంజాము మొదలు చెన్నపట్టణము వరకు తనలో నింపుకొని, నిమిషములలో తిరిగి సముద్రమునకు విడిచిపెట్టి, లోపలి పల్లెలకు అడ్డు నిలిచెనని పరిశోధకులు తరువాత వ్రాసిరి. రోజుకూలికి మన్ను మోసినవారి దినములు, వందేండ్లు గడచిన పిదప, వారెరుగని బిడ్డలకు ఆయువై యందినవి. తాము త్రవ్వునది సరకుల పడవలకని మాత్రమే వారెరుగుదురు. మనకు దక్కిన కాలములో మనము సంపాదించినది కొంచెము, ఇతరులు ఇచ్చిపోయినది చాల.

మధ్యాహ్నము ఊటుకూరు పల్లెపాళెము చేరితిమి. అల్పపీడన మున్నదని, వేటకు పోవలదని చాటింపు వచ్చినందున పడవలన్నియు గట్టుకెక్కి యుండెను. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వము వేట నిలుపును. ఆ రెండు నెలలు గాక, ఇట్లు గాలివానలు నిలుపు దినములు వేరు. పని పోయిన దినమును వారెట్లు గడుపుదురో చూడవలెనని నాకుండెను. పడవ నీడలో నలుగురు కూర్చుండి వల బాగుచేయుచుండిరి. పెద్దవాడు కాలి బొటనవ్రేలికి వల తగిలించి బిగువుగా లాగి పట్టి, దారము చుట్టిన సూదిని తెగిన కంటిలో దూర్చి, చుట్టి, ముడి బిగించి, తరువాతి కంటికి పోవుచుండెను; ముడి ముడికిని ఒకసారి గుంజి చూచును. దినము వృథా యైనదా యని నేనడిగిన ప్రశ్న ఆయనకు వింతగా తోచినది. “వల రెడీగా లేకుంటే గాలి తగ్గినాక మాత్రం యాడికి పోతాం సామీ?” అనెను. ఫోనులో వాతావరణపు హెచ్చరికలు వారికి మనకంటె ముందు వచ్చుచున్నవి. అయినను తీరమున నొక మూల గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టియే యున్నవి. హెచ్చరికను పాటించుట, అమ్మను కొలుచుట వారికి వేరువేరు పనులు కావు.

ఆయన యిల్లాలు మమ్ము భోజనమునకు పిలిచెను. ముందురాత్రి వండిన చేపల పులుసట. పులుసు మరునాటికిగాని రుచి తేలదని నెల్లూరివారందరికిని తెలియును. కార్తిక నియమమున తినరాదని నేను చెప్పగా ఆమె చిన్నబుచ్చుకొనక, చలివేంద్రములో పోసినట్లు చెంబునిండ మజ్జిగ పోసి యిచ్చెను. మాటలలో తాము ఏటేట మొహర్రములో నెల్లూరు స్వర్ణాల చెరువునకు, బారాషహీదు దర్గా రొట్టెల పండుగకు పోవుదుమని చెప్పెను. కోరిక గలవాడు, అదే కోరిక తీరినవాని చేతినుండి చెరువులో నిలిచి రొట్టె నందుకొనును. తనకు తీరినపిమ్మట, ఆపై యేడు వచ్చి, మరియొకరికి రొట్టె నిచ్చును. ఆమె ఇల్లు కావలెనని రొట్టె తీసికొని ఉన్నదట. ఇల్లు ఇంకను పూర్తికాలేదట. “పునాది లేసింది. ఇస్తాడులే” అని నవ్వినది. అడుగుటకును కృతజ్ఞత చెప్పుటకును నడుమ యేడాది కాలమును శంక లేక విడిచిపెట్టగల ఈ విశ్వాసమును, హిందువులు మహమ్మదీయులు కలసి ఒక్క చెరువున నిలుపుకొనుచున్న నెల్లూరును చూచి నేను నిండుగా సంతోషించితిని.

సాయంకాలమునకు పెన్న సముద్రములో కలియు చోట నిలిచితిమి. కన్నడదేశమున నందికొండలలో పుట్టి, అనంతపురము, కడప ఎండినేలలను దాటి, 597 కిలోమీటర్లు నడచి వచ్చిన యేరు ఇక్కడ ఇసుకమేటల నడుమ వెడల్పై, ఏటిదో సముద్రముదో తెలియని నీరై యుండును. 2021 నవంబరులో ఈ యేరే పొంగి, పడుగుపాడువద్ద రైలుకట్టను కొట్టుకొనిపోయి, ఈ యూళ్ళను ముంచినది. ఆనాటి నీటిజాడ గోడలపై ఇంకను చూపుదురు. ఎగువను, ఆవలి గట్టున, పల్లిపాడు గలదు. 1921 ఏప్రిలు 7న గాంధీజీ అచట పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. పొణకా కనకమ్మగారు స్థలమిచ్చిరి, దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు దానికై తమ్ము ధారపోసిరి. నిమిషమును సొంతసొత్తుగా గాక అప్పగింతగా చూచిన గాంధీజీ, నిత్యము ఒక నియతకాలము రాట్నముకడ కూర్చుండుటను ప్రార్థనగా నెంచెను. ప్రొద్దున నేను చూచిన యవ్వ చేతిలోని దూది ఆ సంప్రదాయమునకు దూరమైనది కాదు.

మబ్బులు పడమట విడివడినవి. ఏటి పొడవున సూర్యుడు ఎర్రనై దిగుచుండగా, వెనుకకు తిరిగినంతనే సముద్రముపై చంద్రుడు పైకి వచ్చుచుండెను. పౌర్ణమినాడు తూర్పుతీరమున ఏటి సంగమమున నిలిచినవారికి ఈ రెండును ఇట్లు ఎదురెదురుగా దొరకును. మిత్రుడు ఫోను తీసి ఒక బొమ్మ తీసికొని, జేబులో పెట్టి, చీకటి పడువరకు మరల తీయలేదు. మేము మాటలాడుకొనలేదు.

వచ్చు కార్తికమున రామతీర్థము చూడదలచినవారికి నా విన్నపము రెండు మాటలు. పౌర్ణమి పోటు పెద్దది. పిల్లలను లోతునకు దింపకుడు. వత్తుల కట్ట అంగడిలో కొనకుడు. గుప్పెడు ప్రత్తి నేడే తెచ్చి దేవుని గూటిలో నుంచుకొని, దినమున కొక్కటి, ఒక్కటి మాత్రమే, చేసికొనుడు.